నోర్డ్‌లింగెన్: వజ్రాల రాళ్ల ఊరు, ఒప్పుకోని మరియా

ఇవాళ ఒక చిన్న ఊరి గురించి మాట్లాడుకుందాం. పేరు నోర్డ్‌లింగెన్. జర్మనీ దక్షిణాన, బవేరియా రాష్ట్రంలో ఉంది. జనాభా 20 వేల పైచిలుకు, అంతే.

ఒకసారి ఫోన్‌లో మ్యాప్ తీసి, శాటిలైట్ వ్యూ పెట్టి చూడండి. ఎర్ర పెంకుల ఇళ్లన్నీ పళ్లెంలో సర్దినట్టు గుండ్రంగా కనిపిస్తాయి. చుట్టూ 2.7 కిలోమీటర్ల కోట గోడ. 14వ శతాబ్దంలో మొదలుపెట్టి కట్టిన గోడ ఇది. ఇప్పటికీ ఆ గోడ మీద నడుచుకుంటూ ఊరంతా చుట్టి రావచ్చు.

అసలు సంగతి ఏంటంటే, ఈ ఊరు ఒక పెద్ద గొయ్యిలో ఉంది. సుమారు కోటీ 50 లక్షల ఏళ్ల కింద ఆకాశం నుంచి ఒక గ్రహశకలం వచ్చి ఇక్కడ పడింది. ఆ దెబ్బకి దాదాపు 24 కిలోమీటర్ల వెడల్పు గొయ్యి ఏర్పడింది. మన మహారాష్ట్రలో లోనార్ సరస్సు కూడా ఇలాంటిదే, కానీ అది రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. చాలామంది ఈ ఊరి గోడే గొయ్యి అంచు అనుకుంటారు. కాదు. అసలు అంచు ఊరికి చాలా దూరంలో ఉంది.

ఆ వేడికి, ఒత్తిడికి రాళ్లు కరిగి, కలిసిపోయి స్యూవైట్ అనే కొత్త రకం రాయి పుట్టింది. రాళ్లలో ఉన్న గ్రాఫైట్ కాస్తా వజ్రంగా మారింది. ఉంగరంలో పెట్టుకునే సైజు కాదులెండి, కంటికి ఆనని రవ్వలు. ఊరి మధ్యలో ఉన్న సెయింట్ జార్జ్ చర్చిని 15వ శతాబ్దంలో ఈ రాయితోనే కట్టారు. అంటే వజ్రాలున్న గోడల మధ్య కూర్చుని జనం వందల ఏళ్లు ప్రార్థన చేశారు. ఒక్కరికీ తెలియదు!

అప్పట్లో అందరూ దీన్ని పాత అగ్నిపర్వతం అనుకునేవాళ్లు. 1960లో యూజీన్ షూమేకర్, ఎడ్వర్డ్ చావ్ అనే శాస్త్రవేత్తలు ఇక్కడి రాయిలో కోసైట్ అనే ఖనిజం ఉందని తేల్చారు. అది పుట్టాలంటే అగ్నిపర్వతం ఇచ్చే ఒత్తిడి చాలదు. దాంతో పాత లెక్క తారుమారైంది. 1970లో అపోలో వ్యోమగాములు కూడా ఇక్కడికొచ్చారు, చంద్రుడి మీద ఎలాంటి రాళ్లు ఏరాలో నేర్చుకోవడానికి. ఇప్పుడు ఇక్కడి క్రేటర్ మ్యూజియంలో చంద్రుడి రాయి ఒకటి చూడొచ్చు.

సరే, రాళ్ల కథ అయింది. నన్ను ఎక్కువ కదిలించింది మాత్రం ఒక మనిషి కథ.

1589 నుంచి 1598 దాకా ఈ ఊళ్లో మంత్రగత్తెలన్న నిందతో 34 మంది ఆడవాళ్లని, ఒక మగవాణ్ని చంపేశారు. పద్ధతి ఎలా ఉండేదంటే, ఒకామెని పట్టుకుంటారు. హింసిస్తారు. తట్టుకోలేక ఒప్పుకుంటుంది. నీతో ఇంకెవరున్నారు అని మళ్లీ హింసిస్తారు. ఏదో ఒక పేరు చెప్తుంది. రేపు ఆ ఇంటికి వెళ్తారు. పేదవాళ్లతో ఆగలేదు, పెద్ద ఉద్యోగుల ఇళ్లలో ఆడవాళ్లు కూడా బలైపోయారు.

1593లో మరియా హోల్ అనే ఆమెని పట్టుకున్నారు. భర్తతో కలిసి సత్రం నడుపుకునే మనిషి. ఆమెని 62 సార్లు హింసించారు. అరవై రెండు! ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. ఆమె పుట్టినూరు ఉల్మ్ నుంచి కూడా ఆమె కోసం ఒత్తిడి వచ్చింది. చివరికి 1594లో వదిలేయక తప్పలేదు. ఒప్పుకోలు మీదే నడిచే గొలుసు అది. ఆమె దగ్గర తెగింది. ఆ తర్వాత ఈ విచారణల జోరు తగ్గిపోయింది. ఇప్పుడు ఊళ్లో ఆమె పేరు మీద ఒక ఫౌంటెన్ ఉంది.

ఆ చర్చికి డేనియల్ అనే గోపురం ఉంది, దాదాపు 90 మీటర్లు. 350 మెట్లు ఎక్కాలి. అక్కడ ఇప్పటికీ ఒక కావలి మనిషి ఉంటాడు. రాత్రి పూట పై నుంచి "సో గ్సెల్ సో" అని కేక వేస్తాడు. 1440లో శత్రువులకి అమ్ముడుపోయిన కాపలావాళ్లు కోట తలుపు గడియ వెయ్యలేదట. ఒక పంది ఒళ్లు రుద్దుకుంటే తలుపు కదిలింది, ఒకామె చూసి అరిచి ఊరిని కాపాడింది అని ఊరివాళ్లు చెప్పుకునే కథ.

నాకు అనిపించింది ఒకటే. గోడ ఎంత గట్టిగా ఉన్నా, బయటి శత్రువునే ఆపుతుంది. 1589లో ప్రమాదం గోడ లోపలే పుట్టింది, పక్కింటి అనుమానంలోంచి. ఇది పాత కథ అని తీసిపారేయకండి. చేతబడి చేశారనే అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన దగ్గర, తెలంగాణలో, ఆంధ్రలో ఇప్పటికీ వస్తున్నాయి. ఈసారి ఎవరైనా ఒక ఆడమనిషి వైపు వేలు చూపిస్తే, మరియాని గుర్తు తెచ్చుకోండి.

ఎప్పుడైనా జర్మనీ వెళ్తే ఆ గోడ మీద ఒక రౌండ్ వేసి, ఆ ఫౌంటెన్ దగ్గర రెండు నిమిషాలు ఆగండి. ఇంకో ఊరితో మళ్లీ కలుద్దాం. ఉంటాను.