కుక్కపిల్లకి ఇల్లు: పుణ్యమా, పూచీయా?

వీధిలో వదిలేసిన చిన్న కుక్కకి ఇల్లు వెదకడం కూడా ఒక చరిత్ర వ్యాసమేనా అని కొందరు మిత్రులు నవ్వవచ్చు. నవ్వితే నవ్వనివ్వండి. మనిషిలోని దయని మతం ఎలా వాడుకుందో, రాజ్యం ఎలా అణిచిందో, సైన్సు ఎలా దారిలో పెట్టిందో తెలుసుకోవడానికి కుక్క కథ బాగా పనికొస్తుంది. దేవుడి గురించి వంద వ్యాసాలు రాసుకున్నాం. కుక్క గురించి ఒకటి రాస్తే నష్టం లేదు.

మొదట సాక్ష్యంతో మొదలుపెడదాం. జర్మనీలో బాన్ నగరం దగ్గర ఓబర్‌కాసెల్ అనే చోట 1914లో ఒక సమాధి బయటపడింది. సుమారు 14,000 ఏళ్ళ నాటిది. అందులో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్ళతోపాటు ఒక కుక్కపిల్ల. దాని పళ్ళను పరిశీలించిన పరిశోధకులు 2018లో ఒక సంగతి ప్రకటించారు. ఆ పిల్ల ఏడు నెలలు కూడా నిండకుండా చనిపోయింది. అంతకు ముందు డిస్టెంపర్ జబ్బుతో వారాల తరబడి బాధపడింది. పక్కన మనుషులు ఉండి సేవ చేయకపోతే అన్నాళ్ళు బతికేది కాదు. జబ్బు కుక్కపిల్ల వేటకి పనికిరాదు, కాపలాకి పనికిరాదు. అయినా దాన్ని చూసుకున్నారు. అప్పటికి వేదాలు లేవు, బైబిల్ లేదు, ఖురాన్ లేదు. దయకి మతం పునాది అనేవాళ్ళు ఈ పళ్ళని ఒకసారి చూడాలి. మన కాశ్మీర్‌లో బుర్జహోమ్ తవ్వకాల్లో కూడా కొత్తరాతియుగం నాటి గుంటల్లో మనుషులతోపాటు పూడ్చిన కుక్కల ఎముకలు దొరికాయి.

శాస్త్రాలు వచ్చాక ఏమైంది? మహాభారతం కుక్కతో మొదలై కుక్కతోనే ముగుస్తుందని చెప్పవచ్చు. మొదట్లో జనమేజయుడి యాగం దగ్గరికి వచ్చిన సరమ కొడుకుని, ఏ తప్పూ చేయకుండానే, రాజు తమ్ముళ్ళు కొట్టి తరుముతారు. చివర్లో ధర్మరాజు వెంట ఒక కుక్క నడుస్తుంది. కుక్క ఉన్నవాళ్ళకి స్వర్గంలో చోటు లేదని ఇంద్రుడు అంటాడు. నమ్ముకున్నదాన్ని వదలనని ధర్మరాజు అంటాడు. ఇంతవరకు చాలా బాగుంది. ఆ తరవాత ఆ కుక్క యమధర్మరాజు అని తేలుతుంది. పురాణం చెప్పేవాళ్ళు ఇక్కడ చేతులు జోడిస్తారు. నాకు మాత్రం ఇంకోటి కనిపిస్తుంది. అది నిజం కుక్కే అయి ఉంటే ఏమయ్యేది? ఆ ప్రశ్నకి కథలో జవాబు లేదు. కుక్క మాయమై దేవుడు ప్రత్యక్షం కాగానే చిక్కు తీరిపోయింది. నిజం కుక్క ఇవాళ్టికీ గుమ్మం బయటే ఉంది.

మనుస్మృతి పదో అధ్యాయం ఇంకా సూటిగా మాట్లాడుతుంది. చండాలురు, శ్వపచులు ఊరి బయట ఉండాలట. కుక్కలు, గాడిదలే వాళ్ళ ఆస్తి కావాలట. కుక్కని, మనిషిని ఒకే వాక్యంలో ఊరి బయటికి గెంటారు. కుక్క అపవిత్రం అనే భావన శుభ్రత గురించి పుట్టిందని ఎవరైనా చెబితే ఆ శ్లోకాలు తీసి చూపించండి. అది కులం మాట. 1927 మార్చిలో మహద్ చెరువు దగ్గర అంబేద్కర్ నిలబడి ఎత్తి చూపింది కూడా ఇదే. పశువులు తాగే నీళ్ళు దళితులు తాగకూడదట! కాబట్టి మూగజీవాల మీద దయ గురించి మాట్లాడేటప్పుడు హేతువాది ఈ చరిత్రని మరవకూడదు. మనిషిని బయట ఉంచి కుక్కని లోపలికి పిలిచే దయ దయ కాదు.

మంచి ఉదాహరణా ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. రెండో శిలాశాసనంలో మనుషులకీ పశువులకీ వైద్యం ఏర్పాటు చేశానని, మందుమొక్కలు నాటించానని, దారుల పక్కన బావులు తవ్వించానని చెప్పాడు. ఆ శాసనంలో స్వర్గం ఊసు లేదు. మందు, నీళ్ళు, నీడ. అంతే.

ఇక కంపెనీ కాలానికి వద్దాం. బొంబాయిలో వీధికుక్కల్ని ఏటా కొన్ని వారాలపాటు చంపడానికి 1813 నుంచి ఒక ఏర్పాటు ఉండేది. 1832లో ఆ గడువు పెంచారు. చంపిన ప్రతి కుక్కకీ పోలీసులకి డబ్బు ముట్టేది. డబ్బు కోసం ఇళ్ళ ముందున్న పెంపుడు కుక్కల్నీ పట్టుకున్నారు. 1832 జూన్ 6న పార్శీలు తిరగబడ్డారు. వాళ్ళ మతంలో కుక్క పవిత్రం. శవాన్ని కుక్కకి చూపించే సగ్దీద్ అనే ఆచారం కూడా ఉంది. మరునాడు దుకాణాలు మూతపడ్డాయి, కొలాబాలోని సైన్యానికి సరుకులు ఆగిపోయాయి. చివరికి చంపే బదులు ఊరి బయటికి తరలించే పద్ధతి వచ్చింది. 1834లో జంషెడ్జీ జీజీభాయ్ గుజరాతీ వ్యాపారులతో కలిసి బొంబాయి పాంజ్రాపోల్ స్థాపించాడు.

పాంజ్రాపోల్ గొప్ప పనే చేసింది. కాదనను. కానీ దాని స్వభావం గమనించాలి. అక్కడికి చేరిన జంతువు చచ్చేదాకా అక్కడే ఉంటుంది. దాత డబ్బు ఇస్తాడు, పుణ్యం మూట కట్టుకుని వెళ్ళిపోతాడు. ఆ జంతువు ఎలా ఉందో అతను మళ్ళీ వచ్చి చూడనక్కరలేదు. పుణ్యం ఇచ్చిన రోజే ఖాతాలో పడిపోయింది కదా!

ఇదే కాలంలో లండన్‌లో ఇంకో దారి మొదలైంది. 1860లో మేరీ టీల్బీ అనే ఆవిడ హాలోవే ప్రాంతంలో తప్పిపోయిన కుక్కల కోసం ఒక తాత్కాలిక ఆశ్రయం తెరిచింది. పత్రికలు ఎగతాళి చేశాయి. వీధుల్లో మనుషులే ఆకలితో చస్తుంటే కుక్కలకి ఇల్లా అన్నారు. 1871లో అది బాటర్సీకి మారింది. పేరులోని ‘తాత్కాలిక’ అన్న మాట ముఖ్యమైంది. కుక్క అక్కడ ఉండిపోవడానికి రాలేదు, ఇంకో ఇంటికి వెళ్ళడానికి వచ్చింది. ఇల్లు దొరకని కుక్కల్ని చంపేసేవాళ్ళు. అది ఆ పద్ధతిలోని చీకటి కోణం. అయితే కుక్క ఎవరి చేతికి వెళ్తోంది అనే ప్రశ్న అక్కడ పుట్టింది. 20వ శతాబ్దం మొదట్లో, వదిలేసిన కుక్కల్ని ప్రయోగశాలకి ఇమ్మని వచ్చిన కోరికని ఆ సంస్థ తిరస్కరించింది.

ప్రభుత్వాలు కుక్కల్ని ఎందుకు చంపాయి? క్రూరత్వం ఒక్కటే కారణం కాదు. రేబిస్ భయం నిజమైన భయం. లక్షణాలు బయటపడ్డాక బతికేవాళ్ళు దాదాపు లేరు. 1885 జూలై 6న పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే పిల్లవాడికి టీకా వేశాడు. మన దేశంలో కసౌలీలో 1900లోను, కూనూరులో 1907లోను పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్లు వచ్చాయి. కసౌలీలో డేవిడ్ సెంపుల్ 1911లో గొర్రె మెదడు నుంచి టీకా తయారుచేశాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు అని మన పెద్దవాళ్ళు భయపడుతూ చెప్పుకున్నది ఆ టీకా గురించే. కొద్దిమందికి దానివల్ల పక్షవాతం లాంటి ఉపద్రవాలు వచ్చేవి. 2005 నాటికి దాన్ని ఆపేసి కణ వర్ధనంలో తయారైన సురక్షితమైన టీకాలకి మారారు. ఇంత జరిగినా కుక్కకాటుకి పసరు పోసేవాళ్ళు, కారం, సున్నం రాసేవాళ్ళు, మంత్రం వేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. చేయాల్సింది సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడం, వెంటనే టీకాకి వెళ్ళడం.

చంపడం వల్ల కుక్కలు తగ్గడం లేదని లెక్క చూసి చెప్పినవాళ్ళలో ముందు నిలిచింది చెన్నై బ్లూ క్రాస్. 1959లో కెప్టెన్ వి. సుందరం మొదలుపెట్టిన సంస్థ. చంపే బదులు ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలని 1964లో ప్రతిపాదించారు. మద్రాసు నగరం దాన్ని అంగీకరించడానికి 1996 దాకా పట్టింది. 2001లో అదే దేశమంతటికీ నియమావళి అయింది. 2023లో కొత్త నియమాలు వచ్చాయి. హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో బ్లూ క్రాస్ స్థాపించారు.

ఇక్కడే చిన్న కుక్క సమస్య వస్తుంది. వీధిలో పుట్టి పెరిగిన కుక్కకి తన చోటు ఉంటుంది. ఆపరేషన్ చేసి అక్కడే వదిలితే బతుకుతుంది. ఇంట్లో పెరిగి రోడ్డున పడ్డ పొమేరియన్‌కీ, పగ్‌కీ వదలడానికి ‘చోటు’ ఏది? 1994లో ఒక హిందీ సినిమాలో తెల్ల కుక్క టఫీ అందరినీ మురిపించింది. 2003లో హచ్ ఫోను ప్రకటనతో పగ్ ఇంటింటి కోరిక అయింది. ఆ చప్పిడి ముక్కుతో ఊపిరి అందక అది మన ఎండల్లో ఎంత అవస్థ పడుతుందో ప్రకటనలో చెప్పరు కదా! మోజు తీరాక కొన్ని రోడ్డు మీదికి వచ్చాయి. జంతువుని ఆకలిదప్పులకి వదిలేయడం 1960 చట్టం ప్రకారం నేరమే. మొదటిసారి చేస్తే పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా జరిమానా పెట్టారు! 2020లో కరోనా కుక్కల వల్ల వస్తుందనే పుకారు పుట్టగానే ఇంకొన్ని రోడ్డున పడ్డాయి. ఒక్క సాక్ష్యం అడగకుండా ఐదేళ్ళు పెంచిన ప్రాణిని గేటు బయట వదిలారు. మూఢనమ్మకం అంటే చేతబడి ఒకటే కాదు.

అలా రోడ్డున పడ్డ కుక్కలకి ఇళ్ళు వెదికే పనిలో మేం కొందరు మిత్రులం అప్పుడప్పుడు చెయ్యి వేస్తుంటాం. ఒక తెల్ల ఆడ పొమేరియన్ విషయం చెబుతాను. ఐదేళ్ళుంటాయని డాక్టరు అంచనా. ఒక కన్ను మసక. దాని కోసం వచ్చిన ఫోన్లు వింటే మన సమాజం అర్థమవుతుంది. ఒకాయన శని దోషానికి కుక్కని పెట్టుకోమన్నారట, నల్లది ఉందా అని అడిగాడు. ఒకావిడ తెలుపు లక్ష్మీప్రదం అంది, కన్ను సంగతి వినగానే అశుభం అని పెట్టేసింది. ఒకాయన పిల్లవాడి పుట్టినరోజుకి బహుమతిగా కావాలన్నాడు. ఇంకొకాయన చాలా మంచివాడు. “ఇది మా ఋణానుబంధం అండీ, దేవుడే పంపాడు, ఇప్పుడే తీసుకెళతా” అన్నాడు. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది దాకా ఇంటికి తాళం. అద్దె ఇల్లు, ఓనరు ఒప్పుకోలేదు. ఋణానుబంధం ఉన్నచోట ఓనరు అనుమతి ఎందుకు అనుకున్నాడేమో!

చివరికి అది రిటైరైన ఒక టీచరు గారి ఇంటికి వెళ్ళింది. ఆమె దేవుణ్ణి నమ్ముతారు. నాకు దానితో పేచీ లేదు. ఆమె మమ్మల్ని అడిగిన ప్రశ్నలు చూసి ఇచ్చాం. టీకాలు ఏవి పడ్డాయి? ఆపరేషన్ అయిందా? కన్ను ఇంకా పాడైతే ఖర్చు ఎంత? నేను ఊరెళితే ఎవరు చూస్తారు? నేను ముందు పోతే? ఈ చివరి ప్రశ్నకి ఆమే తన చెల్లెలి చేత ఒప్పించి మాకు చెప్పారు.

ఈ అనుభవాలతో మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇంటికి వెళ్ళి చూస్తాం. ఇంట్లో అందరి చేతా ఒప్పుకోలు వింటాం. పదిహేను రోజులు పరీక్షగా ఉంచుతాం. వెనక్కి ఇస్తే నిందించం, ఎందుకంటే నిందకి భయపడినవాడు చెప్పకుండా రోడ్డు మీద వదులుతాడు. ఆశ్రయ కేంద్రాల్లో కుక్కల మీద 1990ల నుంచి జరిగిన పరిశోధనల్లో మొదటి మూడు రోజులు కార్టిజాల్ అనే ఒత్తిడి హార్మోను ఎక్కువగా ఉంటుందని తేలింది. కొత్త చోట ఒత్తిడి ఎంతో దీన్నిబట్టి ఊహించవచ్చు. కనుక మొదటి మూడు రోజుల ప్రవర్తన చూసి “ఇది మాకు కలిసిరాలేదు” అనడం ఎంత తొందరపాటో, “పూర్వజన్మ బంధం” అనడం అంతే తొందరపాటు.

కుక్కల కంటే మనుషులు ముఖ్యం కాదా అని అడిగే హేతువాద మిత్రులున్నారు. న్యాయమైన ప్రశ్న. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లవాడు కుక్కల దాడిలో చనిపోయాడు. ఆ తండ్రికి దయ గురించి ఉపన్యాసం చెప్పే అర్హత ఎవరికీ లేదు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కల్ని షెల్టర్లకి తరలించమంది. ఆగస్టు 22న దాన్ని సవరించి, రేబిస్ సోకినవి, దూకుడుగా ఉన్నవి తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా చేసి పట్టుకున్న చోట వదలమంది. దత్తత తీసుకునేవాళ్ళు దరఖాస్తు చేసుకోవచ్చనీ, తీసుకున్న కుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూడటం వాళ్ళ బాధ్యత అనీ చెప్పింది. నవంబరు 7న బళ్ళు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి చోట్ల నుంచి తీసిన కుక్కల్ని అక్కడే తిరిగి వదలవద్దంది. ఈ ఉత్తర్వుల మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. ఇంటికి తెచ్చిన కుక్కకి పూచీ ఎవరిది అన్నచోట మాత్రం వాదన అక్కరలేదు. సరైన ఇల్లు దొరికిన ప్రతి కుక్కతో వీధిలో ఒకటి తగ్గుతుంది. అది పిల్లవాడికీ మేలే.

1976లో మన రాజ్యాంగానికి ప్రాథమిక విధులు చేర్చారు. 51ఎ అధికరణంలో (హెచ్) క్లాజు మనకి కంఠతా వచ్చు. శాస్త్రీయ దృక్పథం, మానవతావాదం, ప్రశ్నించే తత్వం. సభల్లో ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. దాని ముందున్న (జి) క్లాజు మనలో ఎంతమందికి గుర్తుంది? ప్రాణుల మీద కరుణ కలిగి ఉండాలని చెప్పేది అదే. రాసినవాళ్ళు రెంటినీ పక్కపక్కనే పెట్టారు. కరుణ ఉండి ప్రశ్న లేకపోతే ఆ మసక కన్ను కుక్క రోజంతా తాళం వేసిన ఇంటికి వెళ్ళేది. ప్రశ్న ఉండి కరుణ లేకపోతే అసలు ఎవరూ దాన్ని రోడ్డు మీంచి తీసుకొచ్చేవాళ్ళే కాదు.

మీ వీధిలో అలాంటి కుక్క కనబడితే ఎవరి జాతకంతోనూ ముడిపెట్టకండి. డాక్టరుకి చూపించండి, టీకా వేయించండి. అడిగినవాళ్ళందరికీ ఇచ్చేయకుండా, నాలుగు ప్రశ్నలు అడిగి ఇవ్వండి. ఇచ్చాక ఆరు నెలలకోసారి వెళ్ళి చూసి రండి.