పనిముట్లకొక భోషాణము

ఊరివారికెల్ల పెట్టెలు, బీరువాలు చేసియిచ్చు వడ్రంగి యింట ఆతని పనిముట్లెట్లుండునో గమనించినవారు అరుదు. బాడిస యొక మూలను, ఉలులు గోనెసంచిలోను, రంపము చూరుక్రిందను ఉండుట పరిపాటి. పరుల సొత్తునకు అరలమర్చువానికి తన పనిముట్లకొక అర యమర్చుకొనుటకు తీరిక చిక్కదు. అట్టి తీరిక కల్పించుకొనిన కొందరి కృషివలన చేతిపనుల చరిత్రలో విలువగల పుటలు కొన్ని నేటికిని మిగిలియున్నవి.

ఇంగ్లండు దేశమున కెంటు మండలములో చాతమ్ అను పట్టణము కలదు. 18వ శతాబ్ది చివర అచ్చట జోసెఫ్ సీటన్ అను నాతడు బీరువాలు మున్నగు కొయ్యసామానుల వృత్తిలో నుండెను. 1796 డిసెంబరులో ఆతడు లండను నగరమందలి క్రిస్టఫర్ గేబ్రియేల్ అంగడినుండి తన కుమారుడు బెంజమిన్ కొరకు వృత్తికి కావలసిన పనిముట్లన్నియు కొని తెచ్చెను. చిత్రికలు, ఉలులు, రంపములు మొదలుగాగల యవి యన్నియు కలిసి సుమారు 200 ఉండెను. మరుసటి సంవత్సరము, అనగా 1797లో, బెంజమిన్ వానిని పనికి సిద్ధపరచి, అవి యన్నియు ఇముడునట్లు తన చేతులతోడనే యొక భోషాణమును నిర్మించెను.

వెలుపల చూచినచో అది సాదాపెట్టె. దెబ్బలు తగులుచోట అలంకారమెందులకని నాటి పనివారి తలంపు. మూత యెత్తినంతనే మహాగని మొదలగు మేలైన కొయ్యల పలుచని రేకులు తాపడము చేసిన లోపలి అరలు కన్నులపండువు చేయును. ముందునకు వెనుకకు జరుపదగిన అరలలో చిన్న పనిముట్లును, అడుగున పెద్ద చిత్రికలును చేరును. పని నేర్చిన యువకుడు తన నేర్పును మొట్టమొదట తన పెట్టెమీదనే చూపుట ఆ దేశమున ఆచారము. యజమాని పనివానిని కుదుర్చుకొనునపుడు ఆ పెట్టెయే యోగ్యతాపత్రము వంటిది.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ఆ పనిముట్ల జాబితా వెలలతో సహా భద్రముగా నిలిచినది. బెంజమిన్ ఆ పనిముట్లను అంతగా వాడినట్లు కనిపించదు. అందుచేతనే వాని పదును, పళ్లతీరు, పిడుల యాకారము నాటివి నాటివలెనే యున్నవి. రాచెస్టరు పట్టణపు గిల్డ్‌హాలు మ్యూజియములోనున్న ఆ భోషాణమును చూచియే 18వ శతాబ్దపు వడ్రంగి యేయే పనిముట్లతో పనిచేసెనో పండితులు నిశ్చయింపగలిగిరి. నిత్యము వాడిన పనిముట్టు నూరుచు నూరుచుండగా అరిగి మాయమగును. వానిని వాడిన వేలకొలది పనివారి చరిత్రయు వానితోడనే పోయినది.

అయినను, వాడినవాని పెట్టె నిలువనే నిలువదనరాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమందలి క్విన్సీ పట్టణమున హెన్రీ స్టడ్లీ (1838-1925) అను పియానోల పనివాడుండెను. ఆతడు తన పనిముట్లకు గోడకు తగిలించు బీరువా నొకదానిని చేసికొనెను. మూసినచో దాని నిలువు సుమారు 40 అంగుళములు, వెడల్పు 20 అంగుళములు మాత్రమే. అందు 250కి పైగా పనిముట్లు ఇమిడినవి. పుస్తకపు పుటలవలె తిరుగు పలకలను ఒకదాని వెనుక నొకటిగా నమర్చి, ప్రతి పనిముట్టునకు దాని యాకారమునకు సరిపోవు చోటు కల్పించెను. ఒక్కటి లోపించినను ఖాళీచోటు వెంటనే కంటబడును. పియానో పనిలో వాడుకగల మహాగని, నల్లచేవ, ఏనుగుదంతము, ముత్యపుచిప్ప అనువానితోడనే దానిని అలంకరించెను.

నల్లచేవ, దంతము అనగానే తెలుగువారికి విశాఖపట్టణము జ్ఞప్తికి రాకమానదు. బెంజమిన్ తన భోషాణమును చేసికొనుచున్న శతాబ్దిలోనే విశాఖపట్టణపు కంసాలులు ఆంగ్లేయ వర్తకులకును, కంపెనీ యుద్యోగులకును వారు కోరిన కొలతలతో బీరువాలు, వ్రాతబల్లలు, కుట్టుపని పెట్టెలు చేసియిచ్చుచుండిరి. దంతపు రేకులను పూవులుగను, తీగెలుగను కోసి కొయ్యలో పొదిగి, వానిపై సన్నని గీతలు చెక్కి, ఆ గీతలలో నల్లలక్క నింపుట వారి విద్య. తరువాతి కాలమున పెట్టె యంతయు దంతపు రేకులతో కప్పు పద్ధతియు వచ్చెను. లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియములో అట్టివి నేడును చూడవచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దాని తరువాతి సవరణలును దంతపు వ్యాపారమును నిషేధించినవి. కనుక ఆ విద్య తన పూర్వరూపమున ఇక రాదు.

ఆ పెట్టెలలో కొన్నిటిపై కొన్నవారి వంశచిహ్నములు చెక్కబడి యున్నవి. చేసినవారి పేరు మాత్రము సాధారణముగా కానరాదు. వెంట్రుకవాసి గీతను చెక్కిన ఆ చిన్న ఉలి యెట్టిది? దంతమును రేకులుగా కోసిన రంపమునకు పళ్లెన్ని? సీటన్ విషయమున ఇట్టి ప్రశ్నలకు ఒక పెట్టెయు, ఒక జాబితాయు బదులు చెప్పుచున్నవి. నేర్పులో సీటనుకు ఏమాత్రము తీసిపోని మన పనివారి పక్షమున బదులు చెప్పుటకు అట్టి భోషాణము లేదు.

కచేరీలలో పనిచేయువారికి జాబితా విలువ వేరుగా చెప్పనక్కరలేదు. వ్రాసియుంచనిది రెండు తరములలో లేనిదే యగును. తాతలనాటి బాడిస, బరమా, చిత్రిక యింకను మిగిలియున్న యిండ్లు తెలుగునాట లేకపోలేదు. ఆయుధపూజనాడు అవి సంచిలోనుండి వెలికివచ్చి, పసుపుకుంకుమల నంది, మరల సంచిలోనికే పోవుచున్నవి. ఆనాడే ఒక కాగితముపై ఏది యెవరు చేయించినదో, దేనికి వాడినదో వ్రాసి, వానికొక అర కేటాయించినచో చాలును. ఆ వ్రాయుట పెద్దలు జీవించియున్నప్పుడే జరుగవలెను. పనిముట్టు పేరును, దాని వాడుకయు చెప్పగలవారు వారే కదా!