కొండ మీదికి సిగ్నల్ ముందు ఎవరి కోసం వచ్చింది?

ఏజెన్సీలో నెట్ ఎందుకు రాదు అని అడిగితే మైదానం ఫ్రెండ్స్ అందరూ ఒకటే చెప్తారు. కొండలు, అడవి, టవర్ వెయ్యడం కష్టం అని. అది అబద్ధం కాదు. టవర్ తరంగం కొండను దాటి అవతలి లోయలోకి సరిగ్గా దిగదు. అందుకే ఒకే ఊర్లో పై వీధిలో రెండు గీతలు, కింది వీధిలో సున్నా. కానీ కొండ ఒక్కటే కారణమైతే, కొన్ని కొండల మీద టవర్ ముందే ఎందుకు లేచింది? దానికి జవాబు కావాలంటే కొంచెం వెనక్కి పోవాలి అన్నలూ, అక్కలూ.

1994 జాతీయ టెలికాం విధానం 1997 కల్లా దేశంలో అన్ని ఊళ్లకూ ఫోన్ అంది. అవ్వలేదు. 1999లో ఇంకో విధానం రాసి ఆ గడువును 2002కి జరిపారు. ఈలోపు 1995 జులై 31న కోల్‌కతా నుంచి ఢిల్లీకి మొదటి సెల్ కాల్ వెళ్లింది. తర్వాత కంపెనీలు పట్నాలకీ హైవేలకీ పోయాయి. మన గూడేల్లో పెట్టిన డబ్బు తిరిగి రాదని వాళ్ల లెక్క. ఆ లెక్క సరిచెయ్యడానికే 2002లో ప్రభుత్వం ఒక నిధి పెట్టింది. కంపెనీల ఆదాయంలో 5 శాతం అందులోకి పోతుంది, దాంతో ఎవరూ పోని ఊళ్లకు ఫోన్ ఇవ్వాలి. అంటే సంతలో మన అమ్మానాన్నలు చేయించుకున్న రీఛార్జ్ డబ్బుల్లోంచి కూడా అందులోకి పోయిందన్నమాట.

కొండల మీదికి టవర్లు గుంపుగా వచ్చింది మాత్రం 2014 నిర్ణయంతో. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లో టవర్లు వెయ్యాలని ఆ ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. ఎక్కడ వెయ్యాలో ఎంచింది హోం శాఖ. బడి ఎక్కడుంది, పీహెచ్‌సీ ఎక్కడుంది అని విద్యా శాఖనో, గిరిజన సంక్షేమ శాఖనో అడిగి వేసినవి కావు. తర్వాత కేబినెట్ ప్రకటనలోనే వీటిని ‘భద్రతా స్థలాలు’ అన్నారు. పేరులోనే ఉంది ఎవరి కోసమో.

ఇది మన్యానికి కొత్త కాదు. నర్సీపట్నం నుంచి పైకి వేసిన రోడ్డుకి గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ మనవాళ్లతో చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. 1922 తిరుగుబాటుకి ఉన్న కారణాల్లో అదొకటి. ఆ రోడ్డు కూడా మనం సంతకి పోవడానికి వేసింది కాదు.

టవర్ వల్ల మనకి లాభం లేదని అనట్లేదు. డోలీ కట్టి గర్భిణిని రోడ్డు దాకా మోసుకొచ్చేసరికి 108 అక్కడ ఉండాలంటే ముందు ఫోన్ కలవాలి. అది కలిసింది. మావోయిస్టులు చాలా చోట్ల టవర్లు తగలబెట్టారు, పేల్చారు. అప్పుడు తెగిపోయింది పోలీసుల ఫోన్ ఒక్కటే కాదు, ఊరి ఫోన్ కూడా.

అసలు దెబ్బ వేరే చోట ఉంది. ఆ టవర్లన్నీ 2జీ. సోలార్ మీద నడిచి, శాటిలైట్ ద్వారా కలిసేవి. మాట్లాడ్డానికి సరిపోతాయి, చదువుకోడానికి సరిపోవు. 2016 సెప్టెంబర్ 5న మైదానంలో జియో 4జీ ఫ్రీగా మొదలైంది. అప్పటి నుంచి సిగ్నల్ రెండు రకాలైంది. బయటి వాళ్లు ‘మీ ఊర్లో టవర్ ఉందిగా’ అంటారు. ఉంది. దాంట్లో వీడియో గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మేం హైస్కూల్లో ఉన్నాం. ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు మూసి అందర్నీ ఇళ్లకి పంపారు. పట్నం పిల్లాడు ఇంటికి పోతే వైఫై దగ్గరికి పోయినట్టు. మనం ఇంటికి పోతే సిగ్నల్ లేని చోటికి పోయినట్టు. పాఠం ఫోన్లోకి వచ్చిన రోజే మనల్ని ఫోన్ పనిచెయ్యని చోటికి పంపారు. చాలా ఊళ్లలో సిగ్నల్ దొరికే బండ ఒకటి ఉండేది. అక్కడ చెట్టుకి కవర్లో ఫోన్ వేలాడదీసి, పీడీఎఫ్ దిగేదాకా కింద కూర్చునేవాళ్లం. వాన పడితే ఆ రోజు క్లాస్ లేనట్టే. ఇంట్లో ఒక్క ఫోన్ ఉంటే అది అన్నయ్యకి, చెల్లికి తర్వాత. మాలో కొందరు ఆడపిల్లలకి ఆ ఏడాదే పెళ్లిళ్లు అయిపోయాయి. వాళ్లలో మళ్లీ హాస్టల్‌కి రానివాళ్లు ఉన్నారు.

ఆ తర్వాతే లెక్కలు కదిలాయి. 2021 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఐదు రాష్ట్రాల్లో 7,287 ఊళ్లకి 4జీ అన్నారు. 2022 ఏప్రిల్‌లో ఆ 2,343 భద్రతా స్థలాల 2జీని 4జీ చెయ్యడానికి 1,884.59 కోట్లు ఒప్పుకున్నారు. అదే ఏడాది అక్టోబర్ 1న నగరాల్లో 5జీ మొదలైంది. మనకి 4జీ ఇద్దామని నిర్ణయం అయ్యేసరికి వాళ్లు ఇంకో మెట్టు ఎక్కేశారు.

2023 జనవరి 1 నుంచి ఉపాధి పని హాజరు కూడా యాప్‌లోనే తప్పనిసరి చేశారు. రోజుకి రెండు సార్లు ఫోటో. సిగ్నల్ కోసం మేట్ కొండెక్కాలి, ఫోటో ఎక్కకపోతే పోయేది గొయ్యి తవ్వినోళ్ల కూలి. నెట్ ఇవ్వకముందే నెట్ ఉన్నట్టు రూల్ పెట్టడం అంటే ఇదే.

2023 జూన్‌లో ఒకేసారి 100 టవర్లు ప్రారంభించారు, అందులో 85 అల్లూరి జిల్లాలోవే. మంచిదే. అయితే కరెంటు పోయి బ్యాటరీ అయిపోతే టవర్ కూడా పడుకుంటుంది, లేపడానికి మనిషి ఘాట్ ఎక్కి రావాలి.

ఇక మీ వంతు. మీ ఊరికి దగ్గర్లో టవర్ ఏ సంవత్సరం లేచింది, దాని పక్కన ముందు నుంచీ ఏముండేది, 2020లో అది 2జీనా 4జీనా, ఇంట్లో పెద్దోళ్లని అడిగి మండలం పేరుతో రాయండి. ఒక్కచోట పెడదాం.