సెలవుల్లో కూలిన గ్యారేజి

1999 జూన్‌లో ఐర్లండు బ్యాంకులకు సెలవు కలిసివచ్చిన వారాంతమది. రాజధాని డబ్లిన్‌లో, ఫెనియన్ వీధి మూలనున్న ఆర్చర్స్ గ్యారేజిని ఆ సెలవుల్లో గుట్టుగా కూలగొట్టారు. 1946లో కట్టిన కాంక్రీటు కట్టడం అది. రక్షణ జాబితాలో ఉన్నదే. కూల్చడానికి అనుమతి లేదు. జనం గగ్గోలు పెట్టారు. చివరకు కూల్చినవారే మళ్లీ కట్టవలసివచ్చింది. ఇప్పుడక్కడ ఉన్నది అచ్చం దానిలాంటిదే. అది మాత్రం కాదు.

ముప్పయ్యేళ్లుగా బ్యాంకు పద్దులు చూస్తున్నవాణ్ణి. మా లెక్కల్లో కట్టడానికి ఏటా తరుగుదల. స్థలానికి అది లేదు సరికదా, ధర పెరుగుతూనే ఉంటుంది. పాత కట్టడాల ప్రాణం తీసేది ఈ రెండంకెల మధ్య తేడాయే.

అదే నగరంలో ఫిట్జ్‌విలియం వీధిలో 1965 ప్రాంతంలో విద్యుత్ బోర్డు తన ఆఫీసుకోసం 16 జార్జియన్ ఇళ్లు పడగొట్టింది. పరాయి పాలన గుర్తులు పోతే పోనీ అన్నవారూ ఆనాడు ఉన్నారు. వాటి స్థానంలో లేచిన ఆధునిక భవనం అరవై ఏళ్లయినా నిలవలేదు. దాన్నీ కూల్చేశారు.

నిలిచినదీ ఒకటుంది. మైకేల్ స్కాట్ రూపకల్పన చేసిన బస్సుస్టేషను. 1948లో ప్రభుత్వం మారింది. ఇంత ఖర్చు బస్సులకా అని తగవు, పని ఆగింది. ఎట్టకేలకు 1953లో తెరిచారు. పై అంతస్తులు ప్రభుత్వ ఆఫీసులకు పోయాయి, కింద బస్సులు మిగిలాయి. అలలా వంపు తిరిగిన దాని కాంక్రీటు చూరు ఇప్పటికీ ఉంది. పేరు బుసారస్. ఐరిష్ భాషలో 'ఆరస్' అంటే భవనం. నగరంలో వినబడేది ఎక్కువగా ఇంగ్లీషే. అయినా టిక్కెట్టు కొనే ప్రతివాడి నోటా రోజూ ఒక ఐరిష్ మాట పలికిస్తోందా కట్టడం.

ఇదంతా మనకెందుకంటారా? మా ఊరి తెలుగు సంఘం హాలు కూడా ఆ కాలపుదే. పెద్దలు చందాలెత్తి కట్టారు. ఇప్పుడు కప్పు కారుతోంది. స్థలానికి మంచి బేరం వచ్చింది. గుడి అయితే ఎవరూ చెయ్యి వేయరు. 'పాతకాలపుదేం కాదుగా' అంటున్నారు సభ్యులు. ఆర్చర్స్ గ్యారేజిని కూల్చేనాటికి దాని వయసు 53 ఏళ్లే. వచ్చే సమావేశంలో ఈ అంకె చెబుదామనుకుంటున్నాను. గుమ్మంపై తెలుగులో చెక్కిన పేరును మాత్రం ఏ పద్దులో రాయాలో నాకు తోచడంలేదు.