గెలీలియోకు దక్కిన చిన్న బిలం

చంద్రుని పటాన్ని మొదటిసారి పరిశీలించే విద్యార్థికి ఒక సందేహం కలగక మానదు. చంద్రునిపై కొండలూ లోయలూ ఉన్నవని 1609లో దూరదర్శినితో చూచి, మరుసటి సంవత్సరమే గ్రంథరూపంలో లోకానికి తెలిపినవాడు గెలీలియో. కాని ఆయన పేరు ధరించిన బిలం వ్యాసం సుమారు 15 కిలోమీటర్లు మాత్రమే. కోపర్నికస్ బిలం వ్యాసం సుమారు 93 కిలోమీటర్లు. గెలీలియో శిష్యుడు రెనియేరి పేరిట ఉన్న రైనర్ బిలం సైతం గురువు బిలానికి రెండింతలున్నది. ఇదేమి న్యాయం?

నేటి చంద్ర నామకరణ పద్ధతికి మూలపురుషుడు ఇటలీ దేశస్థుడైన రిచియోలి. గ్రిమాల్డి గీచిన పటంపై పేర్లు వ్రాసి, 1651లో బొలోన్యా నగరంలో ప్రకటించాడు. ఇద్దరూ జెసూట్ మతగురువులే. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతున్నదన్న సిద్ధాంతాన్ని సమర్థించినందుకు 1633లో రోమ్‌లోని మతన్యాయస్థానం గెలీలియోను శిక్షించింది. రిచియోలి కూడా ఆ సిద్ధాంతాన్ని తన గ్రంథంలో నిరాకరించాడు. కనుక కక్షతోనే చిన్న బిలం కేటాయించాడని ఎవరికైనా తోచవచ్చు.

కాని వాస్తవం వేరు. ఆ సిద్ధాంతాన్నే నమ్మిన కోపర్నికస్, కెప్లర్‌లకు రిచియోలి స్ఫుటంగా కనిపించే బిలాలనే ఇచ్చాడు. గెలీలియోకు ఇచ్చినది తుపానుల మహాసముద్రమనే నల్లని మైదానంలో తెల్లగా మెరిసే ఒక గుర్తు. అది చిన్న దూరదర్శినికి సైతం అందుతుంది.

చిక్కంతా అది బిలం కాకపోవడంలోనే ఉన్నది. సూర్యకిరణాలు ఏటవాలుగా పడినప్పుడు బిలపు గట్టు నీడ పరుస్తుంది. ఈ గుర్తుకు గట్టూ లేదు, లోతూ లేదు. అది వట్టి తెల్లని మచ్చ. జర్మన్ ఖగోళజ్ఞుడు మేడ్లర్, బీర్‌తో కలసి 1834-36 సంవత్సరాలలో గొప్ప చంద్రపటాన్ని వెలువరించాడు. గెలీలియో పేరును మచ్చ నుండి తప్పించి, దానికి వాయవ్యంగా దాపుననున్న చిన్న బిలానికి మార్చినవాడు ఈ మేడ్లరే. 1935లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఆ పేరును స్థిరపరచింది. మచ్చకు మాత్రం రైనర్ గామా అన్న పేరు నిలిచింది.

ఆ మచ్చ కూడా సామాన్యమైనది కాదు. అక్కడ స్థానికంగా అయస్కాంత క్షేత్రమున్నదని అంతరిక్షనౌకల కొలతల వల్ల తేలింది. సూర్యుని నుండి వచ్చే విద్యుత్కణాలను ఆ క్షేత్రం కొంత అడ్డగించడం వల్లనే అక్కడి నేల నల్లబడలేదని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

గెలీలియో బిలం చిన్నదైనది ద్వేషం వల్ల కాదు. మచ్చను మచ్చగా, బిలాన్ని బిలంగా గుర్తించిన పరిశీలన వల్ల. ఆ పరిశీలనకు దారి చూపినవాడు గెలీలియోయే గదా!