పాత కారు, అసలు రంగు

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం లండన్‌లోని బార్కర్ కంపెనీ దీని బాడీ కట్టింది. ఆయన 1911 ఆగస్టులో చనిపోయాక గానీ కారు హైదరాబాద్ చేరలేదు. ఇన్నేళ్ళలో అది తిరిగింది 356 మైళ్ళే అంటారు. నిజామాబాద్ నుంచి హైదరాబాద్‌కు రెండుసార్లు వెళ్ళి రావడానికి కూడా చాలని దూరం. పసుపు ఆసఫ్‌జాహీల జెండా రంగు కనుక ఆ కారు ఎవరిదో ఎదురుగా వచ్చేవాళ్ళకు ఇట్టే తెలిసిపోయేది.

ఇలాంటి బండిని బాగుచేయడానికి దిగితే, ఇంజిన్ కంటే ముందు రంగు దగ్గరే పేచీ వస్తుంది. పసుపంటే ఏ పసుపు? ఆ రోజుల్లో కార్లకు రంగు వేసింది గుర్రపు బగ్గీలకు వేసిన పనివాళ్ళే. సీసం కలిసిన ప్రైమర్ పూసి, ఆరాక నీళ్ళు చల్లి ప్యూమిస్ రాయితో రుద్ది, కుంచెతో పొర మీద పొర వేసి, చివర అవిసె నూనెతో చేసిన వార్నిష్ పట్టించేవారు. ఒక్కో కారుకు వారాలు పట్టేది. ఆ వార్నిష్ ఏళ్ళు గడిచేకొద్దీ ముదురుతుంది. అప్పట్లో పసుపుకు ఎక్కువగా వాడిన సీసపు క్రోమేట్ కూడా గాలికి నల్లబారే రకమే. వందేళ్ళ తర్వాత కంటికి కనిపించేది ఫ్యాక్టరీ వేసిన పసుపు కాదన్నమాట.

ఈ కుంచె పనికి ముగింపు పలికింది అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన డ్యూకో. 1923లో జనరల్ మోటార్స్ తన ఓక్‌లాండ్ కార్లకు దీన్ని వాడడం మొదలుపెట్టింది. నైట్రోసెల్యులోజ్‌తో చేసిన ఈ లాకర్‌ను గన్‌తో కొడితే గంటల్లో ఆరిపోయేది. 1914 నుంచి నలుపు తప్ప మరో రంగు ఇవ్వని ఫోర్డ్ మోడల్-టి కూడా 1926 నాటికి మళ్ళీ రంగుల్లో వచ్చింది. కంపెనీ పేరు మరిచిపోయినా ‘డ్యూకో కొట్టించడం’ అన్న మాట మన టింకరింగ్ షెడ్లలో మిగిలిపోయింది.

‘ఫ్యాక్టరీ రంగు’ అన్న పట్టుదల ముదిరింది మాత్రం 1960లు, 70ల నాటి అమెరికన్ మజిల్ కార్ల దగ్గర. డాడ్జ్, ప్లిమత్ కార్ల ఇంజిన్ గదిలో ఒక చిన్న రేకు ఉంటుంది. దాని మీద రంగు కోడ్ గుద్ది ఉంటుంది. 1970 నాటి ఎఫ్‌సి7 అనే ఊదా రంగును డాడ్జ్ ‘ప్లమ్ క్రేజీ’ అని అమ్మితే, ప్లిమత్ అదే రంగుకు ‘ఇన్ వయొలెట్’ అని పేరు పెట్టింది. అసలు చిక్కు కోడ్ దొరికాక మొదలవుతుంది. ఫ్యాక్టరీలో తొందర తొందరగా కొట్టిన రంగు బండి అడుగున అక్కడక్కడా తుంపరగా పడేది, పైన నారింజ తొక్కలా సన్నగా గరుకు తేలేది. తనిఖీ చేసినవాళ్ళు క్రేయాన్‌తో గీసిన గీతలు అలాగే ఉండిపోయేవి. నిక్కచ్చి పనివాళ్ళు ఇప్పుడు ఆ లోపాలను కూడా పనిగట్టుకుని తిరిగి చేస్తారు. అద్దంలా మెరిసే క్లియర్ కోట్ కొడితే పాత కార్ల పోటీలో మార్కులు పోతాయి.

మన నిజామాబాద్ జిల్లా కోటగిరి, బోధన్ వైపు లెక్క వేరు. లారీలు, ట్రాక్టర్లు తిరిగే నేల ఇది. బండి షెడ్డుకు వస్తే కొత్తదానిలా బయటికి పోవాలి. పాతదానిలా పోవాలని అడిగేవాళ్ళు తక్కువ. ఆ అడిగే కొద్దిమంది చేతుల్లో ఉండేది ఎక్కువగా పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టే. మద్రాసు దగ్గరి తిరువొత్తియూర్ ఫ్యాక్టరీలో బుల్లెట్ ట్యాంకు మీది బంగారు గీతలను కుంచెతో, చేత్తోనే గీసేవారు. దగ్గరికి వెళ్ళి చూస్తే గీత మందం అంతటా ఒక్కలా ఉండదు, కుంచె ఎత్తినచోట అంచు కాస్త సన్నబడుతుంది. దాని బదులు స్టిక్కర్ అంటించి క్లియర్ కోట్ కొడితే గీత నున్నగా, తిన్నగా వస్తుంది. అది తప్పు గీత.

అసలు రంగు ఏదో తెలుసుకునే పద్ధతి పెద్ద ఖర్చుతో కూడింది కాదు. డోర్ లోపలి అట్ట వెనుక, డిక్కీ చాప కింద, డ్యాష్‌బోర్డ్ అడుగున ఎండ తగలని రంగు దొరుకుతుంది. మీద ఎన్నిసార్లు రంగు పడిందో చూడాలంటే రూపాయి బిళ్ళంత మేర సన్న వాటర్ పేపర్‌తో గుండ్రంగా రుద్దాలి. ఉల్లిపాయ కోసినట్టు పొరలన్నీ వలయాలుగా బయటపడతాయి: పైన నిన్నటి రంగు, మధ్యలో పుట్టీ, అడుగున ప్రైమర్, దానికి ఆనుకుని ఫ్యాక్టరీ రంగు. పెయింట్ రిమూవర్ పోసి రేకు దాకా గీకేస్తే ఈ సాక్ష్యమంతా ఒక్క పూటలో పోతుంది. షెడ్లలో ఎక్కువగా జరిగేది ఇదే.

కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్‌కు ప్రత్యేక నియమాలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటిన బండికి ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదన్నది షరతు. అందులో రంగు ఊసు లేదు.