రాజమండ్రి యాత్ర: పాలకుర్తి వాళ్ళు చూడవలసిన గోదావరి

ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. తక్కువ ఖర్చులో రెండు రోజుల యాత్ర వేద్దామని మన సంఘంలో కొందరు చాలాకాలంగా అంటున్నారు. రెండు పనులూ ఒకే కాగితం మీద కానిద్దామని ఈ ప్రతిపాదన పెడుతున్నాను. ఊరు రాజమండ్రి. 2015 నుంచి దాని అధికారిక నామం రాజమహేంద్రవరం.

"అంత దూరం ఎందుకు? మన కాళేశ్వరంలో, ధర్మపురిలో గోదావరి లేదా?" అనేవారున్నారు. ఉంది. పుణ్యస్నానానికి అవి చాలు. కాని ఒక ప్రశ్నకు జవాబు మాత్రం రాజమండ్రి దగ్గరే దొరుకుతుంది. అదే నది, అదే భాష. అక్కడ 1852 నాటికే ఆనకట్ట పూర్తయి కాలువల్లో నీళ్ళు పారాయి. మన వైపు చెరువులకు గోదావరి నీళ్ళు రావడానికి 21వ శతాబ్దం కావలసి వచ్చింది. ఎందుకని? సంఘం సమావేశాల్లో ఈ మాట వచ్చినప్పుడల్లా వాదన పెరుగుతుందే తప్ప తేలదు. కళ్ళతో చూసి వస్తే కొంత తేలుతుందని నా నమ్మకం.

నేను తహసీలు కచ్చేరీలో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. చెరువు నిండక తరి పొలం బీడు పడిందని, శిస్తు మాఫీకి సిఫారసు అని జమాబందీ కాగితాల్లో ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన సహోద్యోగి ఒకాయన ఆ పేజీలు చూసి ఆశ్చర్యపోయేవాడు. ఆయన మాటలే వేరు. మన తరి ఆయనకు పల్లం, మన ఖుష్కీ ఆయనకు మెట్ట. మన పహాణీ ఆయనకు అడంగల్, మన పట్వారీ ఆయనకు కరణం. ఒకే భాష మాట్లాడే జనానికి రెండు రకాల రికార్డు మాటలు ఎలా వచ్చాయో తెలిస్తే పై ప్రశ్నకు సగం జవాబు తెలిసినట్టే.

రాజమండ్రి కూడా ఒకప్పుడు నిజాము ఏలుబడిలోదే. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి పోయాయి. ప్రతిఫలంగా కంపెనీ నిజాముకు ఏటా పేష్కష్ కట్టేది. 1823లో ఏకమొత్తం చెల్లించి ఆ బాకీ కూడా తెంచుకుంది. అప్పటి నుంచి అక్కడి శిస్తు మద్రాసు లెక్కల్లోకి, మన శిస్తు హైదరాబాదు లెక్కల్లోకి పోయింది.

ఆ తరువాత 1832-33లో నందన కరువు వచ్చింది. కోస్తా జిల్లాల్లో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. 1839లో ఉప్పెన వచ్చి కోరంగిని ముంచింది. జనం పోయారు, శిస్తూ పడిపోయింది. ఆ దశలో ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు గోదావరికి అడ్డంగా ఆనకట్ట కడితే కరువు తీరుతుందని, పెట్టిన ఖర్చు శిస్తు రూపంలో తిరిగి వస్తుందని లెక్కగట్టి చూపాడు. కంపెనీ ఒప్పుకున్నది జాలితో మాత్రమే కాదు, ఆ రెండో మాట విని కూడా. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. కాటన్‌కు కుడిభుజంగా పనిచేసిన వీణెం వీరన్న గారి పేరు, రాళ్ళు మోసిన వేలాది కూలీల కష్టం మనం మరచిపోరాదు.

ఇక ఆ చోటి మహిమ. కొండలు దాటి వచ్చిన గోదావరి ధవళేశ్వరం దగ్గర గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలుతుంది. యూరపులో డాన్యూబ్, సావా నదులు కలిసే చోట బెల్‌గ్రేడ్ నగరం వెలిసింది. మన రాజమండ్రి మాత్రం నది చీలే చోటికి కొంచెం ఎగువన వెలిసింది. చీలిన తరువాత నేలంతా సముద్రం వైపు వాలు. రాయి ధవళేశ్వరం కొండలోనే దొరికింది. నాలుగు ముక్కలుగా, మధ్య లంకలను కలుపుకుంటూ ఎత్తు తక్కువ గోడ ఒకటి కడితే చాలు, లేచిన నీరు దానంతటది కాలువల్లోకి దిగింది. పంపు లేదు, కరెంటు లేదు. పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది 175 గేట్ల బ్యారేజి. దానికి కాటన్ పేరే పెట్టారు. సుమారు పది లక్షల ఎకరాలు దాని కింద పండుతున్నాయి.

మన సంగతి తిరగేసి చూడండి. మనది దక్కను పీఠభూమి. గోదావరి మన జిల్లాల అంచున లోతుగా పారుతుంది, మన పొలాలేమో దానికి ఎంతో ఎత్తున ఉన్నాయి. అందుకే కాకతీయులు నది కోసం ఎదురు చూడకుండా వానను పట్టుకున్నారు. పాకాల, రామప్ప, లక్నవరం, ఊరూరా గొలుసుకట్టు చెరువులు అలా వచ్చినవే. అది వెనుకబాటు కాదు, నేల తీరు తెలిసిన తెలివి. ఇప్పుడు దేవాదుల ఎత్తిపోతల ద్వారా వచ్చే ప్రతి బిందెడు నీటికీ కరెంటు ఖర్చుంది. ధవళేశ్వరంలో ఆ ఖర్చు నేల వాలు భరిస్తుంది.

అయితే అంతా వాలు మీదకు నెట్టేయడం కూడా న్యాయం కాదు. నిజాం కాలంలో మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. గోదావరి మీద పోచంపాడుకు నెహ్రూ గారు శంకుస్థాపన చేసింది 1963లో. నేల తీరు సగం కారణమైతే, ఖర్చు పెట్టడానికి ప్రభుత్వాలు చేసిన ఆలస్యం మిగతా సగం. నీటిచుక్క కోసం ఇంత కష్టపడే నేల మీద పండిన గింజ ఎంత విలువైనదో మన ఊరి చాకలి ఐలమ్మ గారి పోరాటమే చెబుతుంది. ప్రశ్న అడగవలసింది ఆ ఆలస్యం గురించి. ఆ ఊళ్ళలో నాట్లు వేసే రైతును కాదు.

నీటి సంగతి అట్లుండగా, అక్షరాల్లో మాత్రం మనం వాళ్ళకు తీసిపోము. రాజరాజనరేంద్రుని కొలువులో 11వ శతాబ్దంలో నన్నయ గారు సంస్కృత మార్గంలో భారతం మొదలుపెట్టారు. మన పాల్కురికి సోమనాథుడు జనం పాడుకునే ద్విపదలో, జానుతెనుగులో బసవపురాణం చెప్పాడు. రాజమండ్రి రెడ్డిరాజుల కొలువులో శ్రీనాథుడు ఉంటే, మన పక్క ఊరు బమ్మెరలో పోతన గారు. వాళ్ళిద్దరూ బావమరదులన్నది కథే, చరిత్ర కాదు. కాని ఆ కథ రెండు ఊళ్ళనూ చుట్టాలను చేసింది.

ఇక టూర్ ప్రోగ్రాం. పాలకుర్తి నుంచి బస్సులో వరంగల్లు చేరి, రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి రాజమండ్రి. సీనియర్ సిటిజన్లకు ఉన్న రైలు రాయితీ 2020 మార్చిలో తీసేశారు కనుక స్లీపరు క్లాసు మేలు. టికెట్టు తీసేటప్పుడు కింది బెర్తు అడగడం మరవవద్దు. ఒంటరిగా కంటే పదిమంది కలిసి వెళితే బస, ఆటో ఖర్చు సగానికి దిగుతుంది. సత్రాలకు ముందే ఉత్తరం రాసి ఖాయం చేసుకోవాలి.

మొదటి రోజు ఉదయం స్నానం. తరువాత కోటిలింగాల రేవు. 1900లో మొదలై 1997లో విశ్రాంతి తీసుకున్న హేవలాక్ రైలు వంతెనను ఒడ్డున నిలబడి చూడవచ్చు. అదీ మనలాగే రిటైరయింది! సాయంత్రం కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు. 1881 డిసెంబరు 11న వారు తొలి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్ళోనే. రెండో రోజు పూర్తిగా ధవళేశ్వరానికి, కాటన్ మ్యూజియానికి. తిరుగు ప్రయాణానికి ముందు ఆత్రేయపురం పూతరేకులు కొనుక్కోవచ్చు. షుగరున్న వారు మనవల పేరు చెప్పి కొనాలి.

వెళ్ళే కాలం జనవరి. లైఫ్ సర్టిఫికెట్ పని ముగించుకుని బయలుదేరితే దాళ్వా పంటకు కాలువలు నిండుగా పారుతుంటాయి. వేసవిలో కాలువలు కట్టేస్తారు, చూడడానికి ఏమీ ఉండదు. పుష్కరాల సమయం మాత్రం మన వయసు వారికి వద్దు. 2015 పుష్కరాల తొలిరోజున రేవు దగ్గర తొక్కిసలాటలో 25 మందికి పైగా చనిపోయారు. పన్నెండేళ్ళ లెక్కన తరువాతివి 2027లో.

రావాలనుకునే సభ్యులు పేర్లు కార్యదర్శి గారికి ఇవ్వగలరు. మోకాళ్ళు సహకరించినన్నాళ్ళే ఈ తిరుగుడు. మందులు, పెన్షనర్ కార్డు, దూరపు చూపు కళ్ళజోడు వెంట ఉంచుకోండి. ధవళేశ్వరంలో కాలువ తల దగ్గర నిలబడి నీరు ఏ వైపు వాలుతోందో చూడడానికి ఆ కళ్ళజోడు అవసరం పడుతుంది.